విశాఖపట్టణపు ఉక్కు కొలిమి

విశాఖపట్టణమునకు బోయినవారు సాధారణముగా సముద్రమును జూతురు. సింహాచలమున అప్పన్నను సేవింతురు. తీరిక యున్నచో కైలాసగిరి యెక్కుదురు. మేమును పలుమాఱు లట్లే చేసివచ్చితిమి. ఈ మాఱు మాత్రము మా చెల్లెలి క్రొత్తయింటి ముంగిట ఇనుప ఊచలు దింపుచుండగా చూచి, "ఇవి యెక్కడివి?" అని మేస్త్రి నడిగితిమి. "విశాఖ ఉక్కమ్మా" అని యాతడు బదులు చెప్పెను. ఇంటికి వచ్చు బియ్య మే యూరిదో, పప్పు ఏ సంతదో అడిగి తెలిసికొను మనము, పిల్లలు నిదురించు కప్పును మోయు నినుమును గూర్చి యెన్నడు నడుగము గదా! ఆ పుట్టిల్లు చూచి రావలె నని బయలుదేరితిమి.

పట్టణము నుండి గాజువాకకు బోవు దారియే యొక పాఠశాల. 1933లో తెరచిన ఓడరేవు, 1948లో "జల ఉష" యను నోడను నీట దింపిన నౌకానిర్మాణశాల, చమురు శుద్ధిచేయు కర్మాగారము, ఒకదాని వెంట నొకటి యెదురగును. గాజువాక దాటి కూర్మన్నపాలెము చేరుసరికి ఉక్కునగరపు ద్వారము కనబడెను. లోపల చెట్ల నీడలు, బడులు, ఆసుపత్రి, అంగళ్లు గల యొక చక్కని పట్టణమే యున్నది. కర్మాగార మింకను దూరము.

ఈ కర్మాగారము ఊరక వచ్చినది కాదు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అను కేక 1966లో తెలుగునాట నలుమూలల వినబడెను. తమనంపల్లి అమృతరావుగారు విశాఖపట్టణమున నిరాహారదీక్ష పూనిరి. తెన్నేటి విశ్వనాథముగారు మొదలగు పెద్దలు ఉద్యమమును నడపిరి. నవంబరు 1వ తేదీన విశాఖలో పోలీసులు కాల్పులు జరిపిరి. రాష్ట్రమున మొత్తము 32 మంది ప్రాణములు విడిచి రని లెక్క. వారిలో విద్యార్థులును గలరు. ఏ తల్లుల బిడ్డలో! తుదకు 1970 ఏప్రిలులో ఇందిరాగాంధిగారు పార్లమెంటున కర్మాగారమును ప్రకటించి, 1971 జనవరి 20న బాలచెరువుకడ శంకుస్థాపన చేసిరి. ఆ పిమ్మట దశాబ్దము పైగా పని మందకొడిగా సాగినది. సోవియెట్ దేశపు సహాయముతో కట్టిన మొదటి కొలిమి 1990లో వెలిగినది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి. వి. నరసింహారావుగారు దీనిని జాతి కంకిత మొనర్చిరి.

కొలిములకు వీరు పెట్టుకొన్న పేర్లు మాకు మిక్కిలి నచ్చినవి. మొదటిది గోదావరి, రెండవది కృష్ణ, విస్తరణలో వచ్చిన మూడవది అన్నపూర్ణ.

అనుమతిపత్రము చూపి, తలకు గట్టిటోపీ పెట్టుకొని లోనికి బోయితిమి. చీర కొంగు దోపుకొను డని మాతో వచ్చిన యింజనీరుగారు మఱి మఱి హెచ్చరించిరి. మొదట బొగ్గును గాలి తగులనీయక, ఎత్తైన గదులవంటి పొయ్యిలలో గంటల తరబడి కాల్చి కోకు చేయుదురు. ఎఱ్ఱగా మండు ఆ కోకును నీరు చల్లి ఆర్పుట యొక పద్ధతి. ఇక్కడ నత్రజని వాయువుతో చల్లార్చి, దాని వేడిమితో ఆవిరి పుట్టించి, విద్యుత్తు తీయుదురు. మన దేశమున ఈ పద్ధతిని మొదట పట్టినది ఈ కర్మాగారమే యట. ఉడికిన గంజిని పాఱబోయక వాడుకొను ఇల్లాలి నేర్పు మాకు స్ఫురించినది.

కోకును, ఖనిజమును, సున్నపురాతిని కొలిమి నోట పోసి, క్రిందనుండి వేడిగాలి నూదుదురు. కొలిమి తెరచినప్పుడు ద్రవమైన యినుము కాలువగట్టి పాఱుచుండగా మేము చూచితిమి. చాలదూరమున నిలిచినను మొగము కమలినట్లయ్యెను. ఎవరును మాటలాడలేదు. ఆ యినుమును పెద్ద తొట్టిబండ్లలో కొనిపోయి, ప్రాణవాయువు నూది ఉక్కుగా మార్చి, పోతపోసి, ఊచలుగా, తీగచుట్టలుగా, కోణపు కడ్డీలుగా, యంత్రభాగములకు పనికివచ్చు గుండ్రని కడ్డీలుగా సాగదీయుదురు. ఊచ మఱ నుండి వెడలగానే నీటిజల్లు తగిలి పైపొర బిగిసికొనును; లోని వేడి ఆ పొరను కొంత మెత్తబఱచును. అందుచే అది బరువునకు సాగునే గాని తటాలున విఱుగదు.

మొదట ఏటికి 30 లక్షల టన్నుల ద్రవపు టుక్కు తీయుటకు దీనిని కట్టిరి; పిమ్మట ఆ సామర్థ్యము 73 లక్షలకు పెరిగినది. ఇంత పెద్ద సంసారమునకు ఒక్క లోపమున్నది. సున్నపురాయి జగ్గయ్యపేటలో, డోలమైటు మాధారములో దీనికి సొంతముగా గలవు. ఇనుప గని మాత్రము లేదు. ఒక టన్ను ఇనుమునకు టన్నున్నరకు మించి ఖనిజము కావలెను. అది బైలదిల్లా కొండలనుండి, అరకు కొండలలోని సొరంగములు దాటి, రైలుమీద వచ్చును. అంగడి ధర యిచ్చి కొనవలయును. బొగ్గు అధికభాగము ఓడలమీద పరదేశములనుండి వచ్చును. ఇంట ఉప్పు పప్పు లుండి, పూటపూటకు బియ్యము కొని తెచ్చుకొను గృహిణి కష్టము మనకు చెప్పవలెనా? ధర లనుకూలించిన యేండ్లలో లాభము, లేనిచో అప్పు. గనులు గల తక్కిన సంస్థలతో దీనిని సరితూచి చేతగానిదనుట న్యాయము కాదని మా తలంపు.

2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వము దీని యందలి తన వాటా నంతయు విక్రయించుటకు సూత్రప్రాయముగా సమ్మతించెను. కార్మికులు కూర్మన్నపాలెము కూడలిలో దీక్షలకు గూర్చుండిరి. 2024లో బొగ్గు చాలక మూడు కొలిములలో ఒక్కటే మండిన దినములును గలవు. అన్నపూర్ణ పస్తుండెను! 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించిరి. సొంత గని మాట అందు లేదు.

తిరుగుదారిలో అగనంపూడి పునరావాస కాలనీలో ఒక పరిచితురాలి యింట దాహము పుచ్చుకొంటిమి. కర్మాగారము కొఱకు 64 గ్రామములవారు లేచి వచ్చిరి. కుటుంబమున కొక యుద్యోగ మని యాశించిన వా రందఱికిని అది లభింపలేదు. ఆ యింటి ముసలమ్మ కుమారునికి మాత్రము లభించినదట. ఆతడు ఉద్యోగ విరమణయు చేసెను. ఆమె అరుగుమీద గూర్చుండి పొగగొట్టములవైపు చేయి చూపినది.

"మా వీది ఆ గొట్టాలకాడే ఉండీదమ్మా. జీడిసెట్లు, తాటిసెట్లు. ఏటి సేత్తాం, ఇచ్చీసినాం. ఇప్పుడు అమ్మెత్తారంట గదా, నిజమేనా?"

మే మేమి చెప్పగలము? మా చెల్లెలి యింటి సంగతి చెప్పితిమి. ఆమె మొగము వికసించినది. "ఐతే మా నేలే మీ ఇంటి మీదెక్కిందన్నమాట!" అని నవ్వి, రెండు జామపండ్లు కొంగున గట్టినది.

మఱునాడు శ్లాబు పోసిరి. మా చెల్లెలు ఊచలకు పసుపుకుంకుమ లద్ది కొబ్బరికాయ కొట్టినది. మధ్యాహ్నమునకు ఊచ లన్నియు సిమెంటులో మునిగి కనబడకుండ పోయినవి.