గీత సరిగ్గా పడితేనే మంత్రం

ఈ ఆదివారం పోస్టు కొంచెం పెద్దది, టీ పెట్టుకుని కూర్చోండి. ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నాం. క్రికెట్ కాదు, పబ్జీ కాదు. చేతిలో పట్టుకుని ఆడే పాత ఆటడబ్బా ఒకటి మా రూంలో ఉంది, దాని సంగతి. "నలభై దాటినోళ్లకి పిల్లలాటలేంట్రా" అనకండి, చివరిదాకా చదివి అప్పుడు అనండి.

డబ్బా పేరు నింటెండో డీఎస్. పుస్తకంలా తెరుచుకుంటుంది, పైన ఒక తెర, కింద ఒక తెర. కింది తెర మీద చిన్న ప్లాస్టిక్ పుల్లతో గీయాలి. 2016లో సుంగే రోడ్ పాత సామాన్ల బజారులో కొన్నాం, మేం ముగ్గురం డబ్బులేసుకుని. లిటిల్ ఇండియా నుంచి నడిచి వెళ్లేంత దూరమే. దొంగల బజారని పేరుగానీ, ముసలాళ్లు నేల మీద గుడ్డ పరిచి పాత గడియారాలు, రేడియోలు, చార్జర్లు అమ్ముకునే చోటు అది. 2017 జూలై 10న మూసేశారు. ఇప్పుడెళ్తే ఆ బజారు కనపడదు.

డబ్బాలో ఒకటే ఆట ఉంది. లాస్ట్ మ్యాజిక్. జపాన్‌లో 2006లో వచ్చింది. చేసింది టైటో, వెనకటికి స్పేస్ ఇన్వేడర్స్ తీసిన కంపెనీయే. కథ మన చందమామ కథల్లాంటిదే. ఐజాక్ అని ఒక కుర్రాడు, చేతిలో మంత్రదండం, అవతల లోకాన్ని మింగేద్దామని చూసే మంత్రగత్తె. భూతాల్ని బంధించి మన వైపు తిప్పుకోవచ్చు. వాటిని సైన్యంలా అటు పో, ఇటు పో అని నడిపించాలి.

ఇందులో అసలు విషయం మంత్రం. బటన్ నొక్కితే రాదు, గీయాలి. నిప్పు, నీరు, గాలి, నేల, వెలుగు, చీకటి అని ఆరు రకాలు, అన్నీ కలిపి 18 గుర్తులు. ఒక్కో గుర్తుకి ఒక్కో గీత వరస. పోను పోను రెండు, మూడు గుర్తులు కలిపి గీయొచ్చు. అలా కలుపుకుంటూ పోతే 400 పైన మంత్రాలు. మన గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి చూడండి, అచ్చం అలాగే. కొద్ది అక్షరాలే, కలిపే కొద్దీ మాటలు. గీత వంకర పోతే మంత్రం పారదు. నువ్వు గీస్తున్నావు కదా అని శత్రువు ఆగడు, మీదకొస్తూనే ఉంటాడు.

మా చేతుల సంగతి మీకు తెలుసు. సిమెంటు ఘాటుకి వేళ్ల మీద గీతలే అరిగిపోతాయి. పొద్దున గేటు దగ్గర వేలిముద్ర మిషను మాలో కొందరిని గుర్తుపట్టదు. తుడుచుకో, మళ్లీ పెట్టు, ఇంకో వేలు పెట్టు. ఫోను కూడా అంతే, ఎండి కాయలు కాసిన వేలు ఒక్కోసారి దానికి ఆనదు. వేలు తగిలితే గాజు మీద విద్యుత్తులో వచ్చే తేడాని పట్టి పనిచేస్తుంది ఫోను. ఈ డబ్బా అలా కాదు. రెండు సన్నటి పొరలు, మధ్యలో కొంచెం ఖాళీ. నొక్కితే పై పొర కింద దానికి తగులుతుంది, ఎక్కడ తగిలిందో లెక్క కడుతుంది. పుల్ల అయినా, గోరైనా, కాయ కాసిన వేలైనా దానికి ఒకటే.

2020 ఏప్రిల్ వచ్చింది. కరోనాకి సర్క్యూట్ బ్రేకర్ అన్నారు, డార్మిటరీలు మూశారు. డార్మిటరీల్లో ఉండే మూడు లక్షల పైచిలుకు కార్మికుల్లో మేమూ ఉన్నాం. నెలల తరబడి గది, మంచం, బాత్రూం, అంతే. అప్పుడు ఈ డబ్బా బయటికి తీశాం.

మా రూంలో ఒక తమ్ముడు ఉన్నాడు, సోంపేట వైపు వాడు. సైట్లో రాడ్ కట్టే పని. బడి మొహం చూడలేదు, చిన్నప్పుడే వేటకి పడవెక్కాడు. వాడి చెయ్యి చూడాలి మీరు. ఒకసారి చూసిన గుర్తుని అలా గీసేవాడు. మాకు పదో తరగతి ఉంది గానీ గీత వణికేది. ఆటంతా ఇంగ్లీషు. అందుకని పని పంచుకున్నాం. ఒకళ్లం ఇంగ్లీషు చదివి చెప్పేవాళ్లం, ఒకళ్లం పై తెర చూసి శత్రువు ఎటునుంచి వస్తున్నాడో చెప్పేవాళ్లం, వాడు గీసేవాడు. క్రేన్ దగ్గర రిగ్గరు, సిగ్నల్‌మ్యాన్, ఆపరేటరు ముగ్గురూ కలిస్తేనే లోడు లేచినట్టు.

ఒక రాత్రి వాడే అడిగాడు. "అన్నా, ఇన్ని గుర్తులు గీస్తన్నాను గదా, నా పేరు ఎన్ని గుర్తులు?"

లెక్కపెట్టి చెప్పాం, మూడక్షరాలని. "అంతేనా!" అన్నాడు.

మర్నాటి నుంచి మొదలైంది. అట్టపెట్టె వెనక మార్కరుతో గీసి ఇచ్చాం. ఎక్కడ మొదలెట్టాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ ఆపాలి. ఆటలో నేర్చుకున్న పద్ధతే. మన ఊళ్లో బియ్యంలో వేలు పట్టించి ఓనమాలు దిద్దించేదీ ఇదే కదా. అర్థం తర్వాత, ముందు చేతికి రావాలి. వాడికి పేరు వారంలో వచ్చింది. సైట్లు తెరిచేసరికి ఇంగ్లీషులో కూడా పేరు రాస్తున్నాడు.

ఇది ఎందుకు పెద్ద విషయమో సైట్లో పనిచేసేవాళ్లకి తెలుసు. పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్. ఇవాళ ఏ పని, ఏ ప్రమాదం, ఏం జాగ్రత్త అని చెప్పి కాగితం మీద సంతకాలు తీసుకుంటాం. ఆ సంతకానికి అర్థం "నాకు చెప్పారు, నాకు అర్థమైంది" అని. ఇన్నేళ్లూ వాడు ఒక అడ్డగీత గీసి పోయేవాడు. పేరు రాయడం మొదలెట్టాక ఒకరోజు పెన్ను చేతిలో పట్టుకుని ఆగాడు. వెనక లైనంతా ఆగింది. "అన్నా, నా పేరుకి పైన ఏం రాసుందో చెప్పండి, తర్వాత రాస్తాను" అన్నాడు. చదివి చెప్పాం. ఆరోజు స్లాబ్ అంచున పని. హార్నెస్ హుక్కు ఎక్కడ తగిలించాలని అడిగాడు, చూపించాం. అప్పుడు రాశాడు. వాణ్ని చూసి వెనకున్న ఇద్దరు కూడా అడిగారు.

ఆట వల్లే అంతా జరిగిందని చెప్పం. వాడి చేతిలో పని ఎప్పుడూ ఉంది, రాడ్డుకి తీగ చుట్టే చెయ్యికి అక్షరం ఒక లెక్కా? కానీ "నీకు చదువు రాదు" అన్న మాట వినీ వినీ వాడే నమ్మేశాడు. ఆ డబ్బా వాణ్ని నువ్వెంత చదివావని అడగలేదు. గీత సరిగ్గా ఉందా లేదా అని మాత్రమే చూసింది.

మీ రూముల్లో కూడా ఇలాంటి అన్నదమ్ములు ఉంటారు, సిగ్గుపడి చెప్పరు. డబ్బా కొనక్కర్లేదు, ప్లైవుడ్ ముక్క, సుద్దముక్క చాలు. ముందు పేరు నేర్పండి. తర్వాత అంకెలు, ఆ తర్వాత "డేంజర్" అన్న మాట.

మా డబ్బాకి మడత దగ్గర పగులొచ్చింది, టేపు చుట్టి ఆడుతున్నాం. మంత్రగత్తె ఇంకా ఓడలేదు. మీలో ఎవరైనా ఆ ఆట చివరిదాకా ఆడి ఉంటే కాస్త కామెంట్లో చెప్పండి, తమ్ముడు అడగమన్నాడు.