ఏ శాంక్షన్, వదినగారూ?

వదినగారూ, అమెరికా రష్యా మీద శాంక్షన్లు పెట్టిందని మనవరాలి ఇంగ్లీషు పేపర్లో చూసి, ‘అప్పిచ్చిందా ఏమిటి?’ అని అడిగారట కదా! ఇంట్లో వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. మనం పుట్టి బుద్ధెరిగాక విన్న శాంక్షనంతా డబ్బొచ్చేదే. లోను శాంక్షనయింది, పింఛను శాంక్షనయింది, ఆఖరికి లీవు కూడా. నేను ట్రెజరీలో చేసినన్నాళ్ళూ, బిల్లుతో శాంక్షన్ ఆర్డరు జతచేయకపోతే ఆబ్జెక్షన్ రాసి వెనక్కి పంపడమే.

తెలుగు పేపరు చదివేవాళ్ళకి ఈ బాధ లేదు. లోనుకి మంజూరు, రష్యాకి ఆంక్షలు. ఇంగ్లీషు వాడే రెంటికీ ఒక్క మాటతో సరిపెట్టుకున్నాడు. దీనికి మూలం లాటిన్‌లో ఉంది లెండి. పవిత్రం చేయడం, శాసనంగా స్థిరపరచడం అని మొదటి అర్థం. రోమన్ల చట్టాల్లో ‘దీన్ని మీరితే ఇదీ శిక్ష’ అని రాసే భాగాన్నీ ఆ పేరుతోనే పిలిచారు. ఆమోదముద్రా, శిక్షా ఒకే కడుపున పుట్టాయన్నమాట. దేశాల మీద ప్రయోగించడం చూస్తే, 1935లో ఇటలీ ఇథియోపియా మీద పడ్డప్పుడు నానాజాతి సమితి శాంక్షన్లు పెట్టింది. పెట్రోలు మాత్రం ఆపలేదు, అదేం శిక్షో! 1998లో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేశాక అమెరికా మన మీదా పెట్టింది. 2001లో చాలామట్టుకు ఎత్తేసింది.

గుర్తుపట్టడానికి మన విభక్తులే చాలు. ‘లోనుకి’ శాంక్షన్ అంటే అనుమతి, ‘దేశం మీద’ శాంక్షన్లు అంటే శిక్ష. శిక్షయితే ఎక్కువగా బహువచనంలో వస్తుంది. అయినా పూర్తిగా నమ్మకండి. లంచం కేసులో ఆఫీసరు మీద ప్రాసిక్యూషన్‌కి ప్రభుత్వం శాంక్షన్ ఇచ్చిందంటారు చూడండి, అది శిక్షా కాదు, ఆయనకి మేలూ కాదు. కోర్టుకి లాగడానికి అనుమతి.

ఇంగ్లండ్‌లో అయితే మరీ తిరకాసు. అక్కడ ఉద్యోగం లేనివాళ్ళకి ప్రభుత్వం యూనివర్సల్ క్రెడిట్ అని భృతి ఇస్తుంది. షరతులు పాటించకపోతే అందులో కోత పెడతారు. ఆ కోత పేరే శాంక్షన్! మా చెల్లెలి కూతురు లెస్టర్‌లో ఉంటోంది. పక్కింటావిడ ‘నన్ను శాంక్షన్ చేశారు’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఇది సంబరంగా కంగ్రాట్స్ చెప్పబోయిందట. నాలిక్కరుచుకుంది పాపం.

అందుకే మీ మనవరాలికి ఒక మాట చెప్పండి. ఇంగ్లీషులో ‘అతన్ని శాంక్షన్ చేశారు’ అని ఊరికే రాసి వదలొద్దు, చదివేవాడికి మంజూరో మందలింపో తేలదు. అనుమతయితే పర్మిటెడ్ అనో అప్రూవ్డ్ అనో, శిక్షయితే పీనలైజ్డ్ అనో రాస్తే గొడవ లేదు. ‘శాంక్షన్డ్ పోస్టులు’ లాంటి ఆఫీసు మాటల జోలికి వెళ్ళనక్కర్లేదు, వాటిలో సందిగ్ధమేమీ లేదు. ఆ పోస్టుల్లో మనుషులున్నారా లేదా అన్నది వేరే కథ.

అన్నట్టు, మీవాడి ఇంటి లోనుకి శాంక్షన్ లెటర్ వచ్చిందన్నారు కదా. ఆ కాగితం చూసి మేస్త్రీకి మాటిచ్చేయకండి. బ్యాంకు ఒప్పుకుందనే దానర్థం, డబ్బు విడుదల కావడం వేరు. పని జరిగిన కొద్దీ విడతలుగా ఇస్తారు. మొదటి విడత ఎప్పుడిస్తారో, దానికి ఏయే కాగితాలు కావాలో ముందే కనుక్కోమనండి.