ముడసర్లోవ దారిలో

విశాఖలో సైకిలు తొక్కేవాళ్లు దారుల్ని ఎత్తుని బట్టి లెక్కేస్తారు. ఆర్.కె. బీచ్ రోడ్డు కొత్తవాళ్లకి, హనుమంతవాక నుంచి ముడసర్లోవ జలాశయం మీదుగా అడవివరం కాస్త అలవాటైనవాళ్లకి, సింహాచలం ఘాట్ మొండివాళ్లకి. నా లెక్క వేరు. జలాశయం దగ్గర ఊపిరి తీసుకుందామని ఆగితే చాలు, "ఒక్కర్తివే వచ్చావా అమ్మా?" అంటారు.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు, 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణలో, ఇదే దారిన ఆడవాళ్లు రాత్రంతా నడుస్తారు. అప్పుడెవరూ అడగరు. భక్తికి దొరికిన రాత్రి సరదాకి దొరకదు.

1990ల తొలినాళ్లలో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాదిమంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మనం ఆ కథ చెప్పుకునేటప్పుడు కూడా నీళ్లకీ పనికీ పనికొచ్చిందనే మురిసిపోతాం. నాకే పనీ లేదు. దిగుడులో ముఖానికి తగిలే గాలి కోసం వెళ్తాను. ఇంట్లో మాత్రం పాలపేకెట్టుకని చెబుతాను.