మా ఇంటి పోపన్నము

రాత్రి మిగిలిన అన్నమును పారవేయుట మా ఇండ్లలో ఎన్నడును లేదు. నీళ్ళు పోసి యుంచినచో అది తెల్లవారునప్పటికి చద్దన్నమగును. పోయక యుంచినచో పోపన్నమగును. మూకుడులో నూనె కాచి, ఆవాలు, మినపపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి, అవి చిటపటలాడుచుండగా ఉల్లిపాయముక్కలును, చిటికెడు పసుపును చేర్చి, అందు అన్నమును పొడిపొడిగా కలియబెట్టుటయే దాని విధానము. బడికి పోవు పిల్లలకును, పొలమునకు పోవు పెద్దలకును అదియే ఉదయపుటాహారము. చింతపండు పులుసుతో కలిపిన పులిహోర పండుగనాటిది. పోపన్నమునకు తిథివారములతో పనిలేదు.

ఇది మనకు మాత్రమే తెలిసిన విద్య కాదు. చైనా దేశీయులు మిగిలిన అన్నమును కూరముక్కలతోను, గ్రుడ్డుతోను వేయించుకొందురు. ఇండొనీషియాలో దీనిని నాసి గోరెంగ్ అందురు. ఆ మాటలకు వేయించిన అన్నమనియే అర్థము. కలకత్తాలో స్థిరపడిన చైనావారి వంట మన మిరపకాయతోను, అల్లము వెల్లుల్లితోను చెలిమి చేసి దేశమంతట వ్యాపించెను. అదియే నేడు ఫ్రైడ్ రైసను పేర ఊరూర బండ్లమీద అమ్ముడగుచున్నది. మాడుగులలోను ప్రొద్దు క్రుంకెనా, బండి దగ్గర గరిటెల చప్పుడు వినబడును.

మా మాడుగుల తూర్పు కనుమల పాదమున నున్నది. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిలు నెలలో అనకాపల్లి జిల్లాలో చేరినది. మా యూరి పేరు చెప్పగానే ఎవరికైనను హల్వాయే జ్ఞప్తికి వచ్చును. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పంచదారతోను, నేతితోను ఓపికగా కలియబెట్టి దానిని చేయుదురు. నేను వ్రాయుచున్నది తేలిక వంటను గూర్చి యని విని, హల్వాకు కూడ తేలికమార్గమేదైన చెప్పుమని ఒక మిత్రుడు నన్నడిగెను. అట్టి పాపమునకు నేనొడిగట్టను. హల్వా ఎప్పుడో ఒకనాడు ఒక ముక్క తినవలసిన వస్తువు. దానిని దానివలెనే యుండనిత్తము. నిత్యము తినునది వేరు. దానిని గూర్చియే మనము ఆలోచింపవలెను.

నేను ఆలోచింపవలసిన యవసరము మూడేండ్ల క్రిందట కలిగినది. నా భార్యకు మధుమేహము ఉన్నదని పరీక్షలో తేలెను. వైద్యుడు మందులతోపాటు ఒక అచ్చుకాగితమిచ్చెను. అందు మానవలసిన పదార్థముల పట్టికలో వేపుళ్ళును, వేయించిన అన్నమును చేరియున్నవి. ఆమె ఆ కాగితమును వంటగది తలుపునకు అంటించి, నాటినుండి తన ఆహారమును వేరు చేసికొన్నది. నాకును, మాయొద్ద నుండి ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమనికిని ఎప్పటివలె పోపన్నము చేసిపెట్టి, తాను మాత్రము రెండు పుల్కాలు తీసికొని వంటగదిలో పీటమీద కూర్చుండెడిది. "ఇచ్చటికి వచ్చి కూర్చుండరాదా?" అని పిలిచితిని. "ఆ వాసన దగ్గర కూర్చుంటే నాకు పుల్కా దిగదండీ" అని ఆమె నవ్వెను. నలువది యేండ్లు కలిసి భోజనము చేసినవారము. రోగమునకు మందున్నది గాని, ఈ వేరుపడిన పళ్ళెమునకు మందు వైద్యుని కాగితములో లేదు.

మానుట యొకటే మార్గమా, మార్చుట కూడ మార్గమగునా యని అప్పుడు యోచించితిని. మార్చవలెనన్నచో ముందు ఉన్నదెంతయో తెలియవలెను. మా మనుమడు వంటింటి త్రాసు నొకదానిని తెప్పించెను. మరునాడు నా భార్య పోపునకు నూనె పోయబోవుచుండగా నేను గిన్నె యొకటి ముందునకు చాచి, "నీవు రోజును పోయునట్లే ఇందులో పోయుము" అంటిని. "బడి విడిచినా పరీక్షలు పెట్టుట విడువలేదు మీరు" అనుచు ఆమె పోసినది. పెద్ద చెంచాతో కొలువగా ఆరు చెంచాలైనది. తూకమునకు 80 గ్రాములు. ముగ్గురమైన మాకు తలకు ఇంచుమించు 27 గ్రాములన్నమాట.

ఈ 27 అను సంఖ్యయందొక విశేషము కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, దినమునకు 2000 కెలోరీల ఆహారము తీసికొను వ్యక్తికి నూనె, నేయి వంటివి అన్నియు కలిపి 27 గ్రాములని చూపినది. అనగా దినమంతటికిని చాలవలసిన నూనెను మేము ఉదయపు ఫలహారముతోనే ముగించుచుంటిమి! పగటి కూరయు, రాత్రి వేపుడును అటుపైన.

ఆ సంస్థకును అన్నమునకును గల సంబంధము నేటిది కాదు. 1918లో మెకారిసన్ అను బ్రిటిష్ వైద్యుడు నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనయే దానికి మూలము. మరపట్టి తెల్లగా పాలిష్ చేసిన బియ్యముతో తవుడు పోవును. తవుడుతోపాటు బి1 విటమిను పోవును. అది లోపించినచో బెరిబెరి వచ్చును. ఆ దినములలో ఉత్తర సర్కారులనబడిన మన తీరపు జిల్లాలలో ఆ వ్యాధి హెచ్చుగా నుండెడిది. 1958లో ఆ సంస్థ హైదరాబాదునకు తరలివచ్చెను. నాడు అన్నములో ఏమి లోపించెనో వెదకిరి. నేడు అన్నముతో ఏమి హెచ్చైనదో లెక్కించుచున్నారు.

ఇక మా లెక్కకు వత్తము. గ్రాము పిండిపదార్థము 4 కెలోరీలిచ్చును. గ్రాము నూనె 9 ఇచ్చును. మా పాత పోపన్నములో ముగ్గురికి వండిన అన్నము 900 గ్రాములు, నూనె 80 గ్రాములు, వేరుసెనగపప్పు 60 గ్రాములు. ఉల్లిపాయలను విడిచి చూచినను, మొత్తము ఇంచుమించు 2230 కెలోరీలు. పళ్ళెమునకు 740కి పైమాటే. ఇందులో నూనెది మూడవవంతునకు దగ్గర.

నూనెను మాత్రము తగ్గించినచో పని పూర్తికాదు. ఈ భేదమును పిల్లలు గ్రహింపవలెను. నూనె శరీరపు బరువును పెంచును గాని రక్తములోని చక్కెరను వెంటనే పెంచునది అన్నము. నా భార్య విషయమున రెండును తగ్గవలెను. కాని పళ్ళెము చిన్నదైనచో ఆకలి తీరదు. ఆకలి తీరనిదే ఏ నియమమును నాలుగు దినములకు మించి నిలువదు. కావున అన్నమును సగము చేసి, ఆ చోటును కూరముక్కలతో నింపితిమి. క్యారెట్టు, బీన్సు, క్యాబేజీ కలిపి 450 గ్రాములు. పాడేరు కొండలలో పండు రాజ్మాగింజలను నానబెట్టి ఉడికించినవి 150 గ్రాములు. అన్నము 450 గ్రాములు. వేరుసెనగపప్పును నూనెలో గాక వట్టి మూకుడులో వేయించి 30 గ్రాములే వేసితిమి. నూనె రెండు పెద్ద చెంచాలు, అనగా 27 గ్రాములు, ముగ్గురికిని కలిపి.

మొత్తము 1340 కెలోరీలైనది. పళ్ళెమునకు 450కి లోపల. పళ్ళెపు తూకమో, ఇంచుమించు 370 గ్రాములు. పాతది 350 గ్రాములైనను లేదు. కడుపు నిండుట తూకమును బట్టియు, నమలుటను బట్టియు నుండును గాని కెలోరీలను బట్టి మాత్రమే యుండదని మాకు ఆనాడు తెలిసినది.

రుచి మాట యేమి? ఇందే అసలు చిక్కున్నది. ఆవాలు, ఇంగువ, కరివేపాకు వీని పరిమళము నూనెలోనే చక్కగా దిగును; నీటిలో దిగదు. నూనె బొత్తిగా లేనిచో పోపన్నము రోగి పథ్యమగును. అయితే పరిమళమును మోయుటకు కొంచెము నూనె చాలును. మిగిలినది అన్నము మూకుడునకు అంటకుండుటకై మనము పోయునది. అంటకుండుటకు వేరు ఉపాయములున్నవి. వేడి అన్నము తడిగా నుండి ముద్దకట్టును. చల్లారి బిగిసిన అన్నము మెతుకునకు మెతుకు విడిపోవును, నూనె నంతగా కోరదు. మూకుడు ఇనుపదై, ముందే బాగుగా కాగియుండవలెను. ఒకమారు ఒకరికి సరిపడునంతయే వేయవలెను. బండివాని పొయ్యి మంట మన యింటి పొయ్యికి లేదు. ముగ్గురి అన్నమును ఒక్కసారి కుమ్మరించినచో అది వేగదు, ఉడుకును.

ఒక చెంచా నూనెతో కూరముక్కలను, నడుమ నీళ్ళు చిలుకరించుచు, కరకర విడువకుండ మగ్గించితిమి. అన్నమును, రాజ్మాను చేర్చి కలిపితిమి. రెండవ చెంచాను ఆఖరున పోపుగరిటెలో కాచి, ఆవాలు, మినపపప్పు, ఇంగువ, కరివేపాకు పొంగించి పైన పోసితిమి. మొదట పోసిన నూనె ముక్కలలోనికి ఇంకిపోవును; చివర పోసినది మెతుకు పైననే నిలిచి నాలుకను ముందు పలుకరించును. ఈ యుపాయము నాది కాదు, నా భార్యది. నేను త్రాసు పట్టుకొన్నవాడను మాత్రమే.

మా మనుమనికి బండిమీది రుచి కావలెను. "తాతయ్యా, సోయా సాసు లేక ఫ్రైడ్ రైసేమిటి?" అనెను. సాసు సీసాపై నున్న వివరములను వానిచేతనే చదివించితిని. సోడియమును ఉప్పుగా మార్చి లెక్కించుట వానికి గణితాభ్యాసమైనది. ఒక పెద్ద చెంచా సాసులో రెండు గ్రాములకు మించిన ఉప్పున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమంతటికి 5 గ్రాములు దాటవలదనుచున్నది. ముగ్గురికి ఒక చిన్న చెంచా సాసని బేరము కుదిరెను. ఆ దినమున వేరే ఉప్పు వేయము. మిరియాలపొడియు, నిమ్మరసమును మిగిలిన రుచిని చూచుకొనును.

బియ్యమునకు మారుగా సామలతోను చేసి చూచితిమి. మాకు నచ్చినది, మనుమడు మాత్రము సామలు పాయసమునకే తగుననెను. సామలలో పీచు హెచ్చు, కావున మంచివే. కాని బియ్యముతో పోల్చినచో వాని కెలోరీలు ఇంచుమించు సమానమే. చిరుధాన్యమని రెండింతలు తిన్నవారికి బరువు తగ్గదు. అట్లే చల్లారిన అన్నములో పిండి కొంత జీర్ణమునకు లొంగని రూపము దాల్చుననుట నిజమే గాని, దానితో కెలోరీలు సగమగునని చెప్పుకొనుట అతిశయోక్తి. ఒక హెచ్చరిక మాత్రము చేయక తప్పదు. వండిన అన్నమును వేసవిలో రాత్రియంతయు బయట నుంచరాదు. అందు పెరుగు కొన్ని సూక్ష్మజీవులు విడుచు విషము తిరిగి వేయించినను పోదు. వెడల్పు పళ్ళెములో పరచి త్వరగా చల్లార్చి, ఫ్రిజ్జులో పెట్టి, మరునాడు పొగలు వచ్చునట్లు వేడిచేసి తినవలెను.

ఈ లెక్కల కాగితమును వైద్యునికి చూపితిమి. ఆయన తీరికగా చదివి, వారమునకు రెండుమారులు ఈ పరిమాణములో తినవచ్చుననియు, మందు వేళ తప్పరాదనియు చెప్పెను. మూడు నెలల సగటును తెలుపు రక్తపరీక్షలో చక్కెర కొంత దిగినది. అది మందు వలననో, ఉదయపు నడక వలననో, పోపన్నము వలననో నేను పంచిచెప్పజాలను. నాకు కావలసిన ఫలితము అంతకుముందే కలిగినది: మొదటి దినముననే ఆమె తన పళ్ళెము తీసికొని మా నడుమ వచ్చి కూర్చుండి, "ఉప్పొక రవ్వ తక్కువైనది" అన్నది.

ఇప్పుడు బుధవారము, ఆదివారము మాకు పోపన్నపు దినములు. త్రాసు అలమారలోనికి చేరినది. ఆమె చేతికి కొత్త కొలత వచ్చినది. చిక్కుడు వచ్చు దినములలో బీన్సునకు మారుగా చిక్కుడుకాయ, వానకాలములో లేత తోటకూర కాడలు వేయుచున్నది. ఆదివారము కూరలు తరుగుట మనుమని పని. ముక్కలు సమముగా తరుగుట నేర్చినాడు గాని, కరివేపాకు దూయుట యింకను నాకే విడిచిపెట్టినాడు.