ఎలుకలు కొట్టని రైలు

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ముందు షోకేసు వైపే చూస్తారు. "అదేమిటండీ, బొమ్మల కొలువు ఇంకా తీయలేదా?" అని నవ్వుతారు. నలుగురి ఇళ్లల్లో షోకేసులో వెండి గిన్నెలు, పింగాణీ బొమ్మలు ఉంటాయి. మా షోకేసులో పసుపు, ముదురు గోధుమ రంగు వేసిన ఒక అట్ట రైలుపెట్టె ఉంటుంది. దాని వెనక పదేళ్ల కథ ఉంది. ఆ కథలో ఒక అబద్ధం కూడా ఉంది. ఆడింది ఇంకెవరో కాదు, నేనే.

మాది జగిత్యాల. ఇంటర్ పాసయ్యాక రెండేళ్లు ఇంట్లో ఉండి, 1999లో పెళ్లి చేసుకుని ముంబై వచ్చాను. చెంబూరులో ఒకటిన్నర గదుల ఇల్లు. అందులో మేమిద్దరం, అత్తమ్మ, మామయ్య. మావారు ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేవారు. ఇంటి ఖర్చుకి కాస్త ఆసరాగా ఉంటుందని నేను ఇరుగుపొరుగు చీరలకు ఫాల్ కుట్టేదాన్ని. ఫాల్స్, లేసులు, దారం రీళ్లు చవగ్గా కావాలంటే మస్జిద్ స్టేషన్ దగ్గరి హోల్‌సేల్ బజారుకు పోవాలి. చెంబూరులో లోకల్ ఎక్కితే కుర్లా, వడాలా మీదుగా మస్జిద్. ఆ తర్వాత ఆఖరి స్టేషన్ సీఎస్‌టీ. దాన్నిప్పుడు సీఎస్‌ఎంటీ అంటున్నారు, అత్తమ్మకు మాత్రం అది ఎప్పటికీ వీటీనే. ఈ దారినే హార్బర్ లైన్ అంటారు.

మొదటిసారి లేడీస్ డబ్బా ఎక్కినప్పుడు నా అవస్థ ఏం చెప్పను! చెక్క బెంచీలు, గోడకి ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. వాళ్ల మధ్య నిలబడి నేను బిక్కచచ్చిపోయాను. ఎవరో "కహా ఉతర్‌నా హై?" అని అడిగితే నన్ను దిగిపొమ్మంటున్నారేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎక్కడ దిగుతావో చెబితే ఆ సీటు ఎదురు చూస్తున్నవాళ్లకు ముందే మాట ఇస్తారట. ముగ్గురు కూర్చునే బెంచీ చివర కాస్త జరిగి నాలుగో మనిషికి అంచు మీద చోటు ఇవ్వడం కూడా అక్కడి ఆనవాయితీ. దాని పేరు నాలుగో సీటు. సాయంకాలం బండిలో మెంతికూర గిల్లేవాళ్లు, బఠాణీలు ఒలిచేవాళ్లు. ఇంటికి చేరేసరికి సగం వంటపని అయిపోయేది. దసరా వస్తే డబ్బాకి పూలదండలు కట్టి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి మిఠాయి పంచేవాళ్లు. నాకు మరాఠీ నేర్పింది ఆ డబ్బానే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ బండే మా వాడికి పిచ్చి పట్టించింది.

మా వాడు 2001లో పుట్టాడు. ఏడో తరగతికి వచ్చేసరికి రైళ్లు తప్ప ఇంకో ధ్యాస లేదు. అందులోనూ కొత్త బండ్లు కాదు, పాత లోకళ్లు. సెలవొస్తే చాలు, వాళ్ల నాన్న ఫోనో, మామయ్య కొనిచ్చిన చిన్న కెమెరానో పట్టుకుని ప్లాట్‌ఫారం మీద హాజరు. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో పెట్టెల నంబర్లు రాసుకునేవాడు. "ఒక్కటే బండిని వంద ఫొటోలు తీస్తవేందిరా?" అని మావారు తిట్టేవారు. "ఒక్కటి కాదు నాన్నా, ఇవి పోతున్నయి. మళ్ల రావు" అనేవాడు వాడు.

వాడు చెప్పాకే నాకూ తెలిసింది. మన దేశంలో మొట్టమొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న నడిచింది ఈ హార్బర్ లైన్ మీదేనట, వీటీ నుంచి కుర్లాకి. పైన తీగలో 1500 వోల్టుల డీసీ కరెంటు. డీసీ అంటే టార్చిలైటు బ్యాటరీలో ఉండే రకం, ఒకేవైపు ప్రవహించేది. దేశంలో మిగతా చోట్ల రైళ్లకు పెట్టింది 25,000 వోల్టుల ఏసీ. మరి మార్చడం ఎందుకు అని అడిగితే వాడు మా మేడ మీద నీళ్ల ట్యాంకు చూపించాడు. "ట్యాంకు ఎత్తుల ఉంటే సన్న పైపుల కూడా నీళ్లు జోరుగ వస్తయి కదా? కిందనే ఉంటే లావు పైపు కావాలె. వోల్టేజి గూడ అంతే" అన్నాడు. డీసీకి తీగలు లావుగా ఉండాలి, సబ్‌స్టేషన్లు దగ్గర దగ్గరగా కట్టాలి, దారిలో వృథా కూడా ఎక్కువ. అందుకని లైన్లన్నీ ఒక్కొక్కటిగా ఏసీకి మారుస్తూ వచ్చారు. దాంతో పాత డీసీ బండ్లకు కాలం చెల్లింది.

మద్రాసులో బీచ్ నుంచి తాంబరం దాకా మీటర్‌గేజ్ కరెంటు రైళ్లు 1931లో మొదలై 2004లో ఆగిపోయాయి. మా పిన్నివాళ్లు అక్కడ ఉన్నన్నాళ్లూ అందులోనే తిరిగారు. వాడు పట్టుబట్టి ఫోన్ చేయిస్తే, వాళ్ల దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. "రోజూ ఎక్కే బండికి ఫొటో ఎవరు తీస్తారే?" అంది పిన్ని. నిజమే కదండీ!

ఫొటోలు చాలక వాడు అట్టతో రైలు చేయడం మొదలుపెట్టాడు. పెళ్లి శుభలేఖలు, చొక్కాల డబ్బాల అట్టలు ఏవీ వదిలేవాడు కాదు. మంచం కింద అంతా కత్తిరింపులే. అది 2015, వాడు పదో తరగతి. మార్కులు చూస్తే అంతంతమాత్రం. మావారికి కోపం, నాకు భయం. దీపావళికి ఇల్లు సర్దుతూ మంచం కిందున్న ఆ సగం రైలును, కత్తిరింపులను ఊడ్చి చెత్త డబ్బాలో పడేశాను.

స్కూలు నుంచి వచ్చి వాడు వెతుక్కున్నాడు. "ఎలుకలు కొట్టాయి నాన్నా, పనికిరాదని తీసేశాను" అన్నాను. వాడు నా ముఖం వంక ఒకసారి చూసి, సరే అన్నట్టు తల ఊపాడు. ఆ రోజు నుంచి ఇంట్లో రైళ్ల మాట ఎత్తలేదు. అరిచినా బాగుండేది. ఆ మౌనమే నాకు పక్కలో ముల్లయింది.

పదో తరగతి పరీక్షలయ్యాయి. 2016 ఏప్రిల్ 9, శనివారం. ఆ రాత్రి కుర్లా నుంచి సీఎస్‌టీకి చివరి డీసీ లోకల్ వెళ్తుందని పేపర్లో చూశాను. వాడు అడగలేదు. నేనే "పద, చూసొద్దాం" అన్నాను. వాడి ముఖం చూడాలి మీరు!

సాయంత్రమే బయల్దేరాం. దారంతా వాడు నాకు పాఠం చెబుతూనే ఉన్నాడు. సూర్యుడు మన వీపు వెనక ఉండాలట. మిట్టమధ్యాహ్నం తీస్తే బండి కింది భాగం నల్లగా పోతుంది, పొద్దుటా సాయంత్రం ఏటవాలు వెలుగులో తీస్తే చక్రాలదాకా కనిపిస్తాయట. పట్టాలు వంపు తిరిగే చోట నిలబడితే తొమ్మిది పెట్టెలూ ఒకే ఫొటోలో వస్తాయి. బొమ్మ చేయాలంటే మాత్రం బండికి ఎదురుగా, తిన్నగా నిలబడి తీయాలి. అప్పుడే కిటికీలు లెక్కపెట్టి కొలతలు కట్టొచ్చు. పట్టాల మీదికి దిగను, పసుపు గీత దాటను, తలుపుకి వేలాడను అని నాకు ఒట్టు వేశాడు. ఈ ఒట్టు రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలున్న ప్రతి తల్లీ వేయించుకోవాలి.

ఆ బండి కదిలేటప్పుడు చిన్న కుదుపు, మళ్లీ కుదుపు, ఇలా మెట్లు ఎక్కినట్టు వేగం అందుకునేది. మోటార్లకు కరెంటును మెట్లు మెట్లుగా ఇస్తారు కనుక ఆ కుదుపులట. పదహారేళ్లు ఊగినదాన్ని, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు! రాత్రి కుర్లా ప్లాట్‌ఫారం మీద జనం, కెమెరాలు. బండి కదిలి, చివరి పెట్టె ఎర్రదీపం కనుమరుగయ్యేదాకా వాడు ఫొటోలు తీశాడు. తర్వాత నా చేయి పట్టుకున్నాడు. ఆ ఎత్తు పిల్లాడు తల్లి చేయి పట్టుకోవడం ఎంత అరుదో మీకు తెలుసు. అప్పుడైనా నిజం చెప్పేయాల్సింది. నోరు రాలేదు.

కాలం ఆగదు కదా. ఇంజనీరింగ్ అయింది, 2022లో పుణెలో ఉద్యోగం వచ్చింది. చదువుకునే రోజుల్లోనే మళ్లీ ఒక పెట్టె మొదలుపెట్టాడు. ఈసారి లెక్క ప్రకారం, నిజం బండిలో 87వ వంతు. 20 మీటర్లకు పైగా ఉండే పెట్టె 24 సెంటీమీటర్లయింది, 12 అడుగుల వెడల్పు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు అయింది. ఈ కొలతకు షాపుల్లో దొరికే పట్టాలు మాత్రం విదేశాల్లోని స్టాండర్డ్ గేజీవి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కనుక పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లు రావాలి, అవి 16.5 ఉంటాయట. కొనకుండా తనే చేసుకున్నాడు. పైకప్పు, కిటికీలు, గాలిపటం ఆకారపు పాంటోగ్రాఫ్ అన్నీ ఫొటోలు చూసి అచ్చం దింపాడు. లేడీస్ డబ్బా లోపల మాత్రం ఖాళీ.

ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అమ్మా, నా దగ్గర నాలుగు వేల ఫొటోలున్నయి. లేడీస్ డబ్బా లోపలిది ఒక్కటి లేదు. పెద్దగైనంక నేను ఎక్కలేకపోతి. లోపల ఎట్లుండె, యాదున్నదా?"

యాదున్నదా అంటాడు! పుట్టింటి వాకిలిలా కళ్లకు కడుతుంటే!

మర్నాడే కుట్టుమిషన్ మీద పని పక్కన పెట్టి కూర్చున్నాను. అగ్గిపుల్లలు నిలువునా చీల్చి బెంచీ చెక్కలు పేర్చాను. కిటికీ ఊచలకు నల్ల దారం, మగవాళ్ల వైపు ఉండే జాలీకి దోమతెర ముక్క. ఫ్యాన్లకు చొక్కా గుండీలు పెట్టి ఫొటో పంపితే వాడు ఒకటే నవ్వు. "అమ్మా, దాన్ని 87తో గుణించు. మనిషి పొడుగున్న ఫ్యానా అది!" గుండీ తీసి చిన్న చమ్కీలు అంటించాను, సరిపోయాయి. వేలాడే పిడులకు జరీ పోగులు. అట్టలకు మైదా జిగురు వాడదామంటే పురుగు పడుతుందని ఫెవికాల్‌తోనే అతికించాను. ఇక మనుషులు. ఆ కొలతకి ఆడమనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఇయర్‌బడ్ పుల్ల ముక్క ఒళ్లు, ఆవగింజ తల, మిగిలిపోయిన ఫాల్ పేలికలు చీరలు. ఒకామె ఒళ్లో చిటికెడు ఎండు మెంతాకు పెట్టాను. ఒక బెంచీ చివర అంచు మీద నాలుగో మనిషిని అంటించాను.

గత ఏడాది, 2025లో, కరెంటు రైలుకు నూరేళ్లు నిండాయని ఆ ఫిబ్రవరిలో వాడు సెలవు పెట్టి వచ్చాడు. ఫోన్ టార్చి వేసి కిటికీలోంచి పెట్టె లోపల చాలాసేపు చూశాడు.

"ఈ అంచు మీద కూసున్నది ఎవరమ్మా? పొట్ట ఎత్తుగ ఉన్నది."

"నేనేరా. కడుపులో నువ్వు. ఆ పక్కనున్నామె నన్ను చూసి జరిగింది. పేరు కూడా అడగలేదు నేను."

వాడు మాట్లాడలేదు. నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. "నాన్నా, అప్పుడు దీపావళికి నీ రైలును ఎలుకలు కొట్టలేదు. నేనే పారేశాను. తప్పు చేశాను రా" అన్నాను.

టార్చి ఆర్పి నవ్వాడు. "తెలుసమ్మా. మంచం కింద రైలు పక్కనే పల్లీల సంచి ఉండె. ఎలుకలు పల్లీలు విడిచిపెట్టి అట్టలు తింటయా?"

పదేళ్లు తెలిసే ఊరుకున్నాడన్నమాట! పారేసింది తల్లి, కడుపులో దాచుకున్నది బిడ్డ.

మీ ఇంట్లోనూ ఏ మంచం కిందో పిల్లలు దాచుకున్న అట్టముక్కలు ఉండే ఉంటాయి. పండక్కి సర్దేటప్పుడు చీపురు తీసే ముందు ఒక్కమాట అడగండి. అలాగే మీరు రోజూ నిలబడే వంటగదికి, నీళ్లు పట్టే కుళాయికి, ఎక్కే బస్సుకి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. రేపెవరైనా "ఎట్లుండె?" అని అడగొచ్చు. అన్నట్టు, వాడు రెండో పెట్టె మొదలుపెట్టాడు. లోపలి సీట్లు నావే.