గొడుగు తిప్పడం మేమూ నేర్చుకున్నాం

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న టీవీలో పాఠాలు మొదలయ్యాయి. హాస్టళ్లు మూతపడి ఇళ్లకు చేరిన మాలో చాలామందికి స్మార్ట్‌ఫోన్ లేదు. దూరదర్శన్ యాదగిరి పట్టే ఫ్రీడిష్ గొడుగే మాకు బడి. బొమ్మ రాకపోతే ఆ రోజు పాఠం పోయినట్టే. మెకానిక్‌ను పిలిస్తే అమ్మ కూలి డబ్బులు పోతాయి. అందుకే మేమే నేర్చుకున్నాం.

జోరువానలో సిగ్నల్ పోతే గొడుగు ముట్టుకోవద్దు. వాన తగ్గితే అదే వస్తుంది. ఎండలోనూ రాకపోతే బాక్సు స్విచ్ ఆపి, ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరు చూడాలి. పిన్నులో నీళ్లు దిగి చిలుము పడితే కొస కోసి, కొత్త పిన్ను బిగించి టేపు చుట్టాలి. వేపకొమ్మ అడ్డొచ్చిందేమో చూడాలి. జీశాట్-15 ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మనకది ఆగ్నేయం. ఒకరు గొడుగును కొద్దికొద్దిగా జరుపుతుంటే ఇంకొకరు టీవీ ముందు కూర్చుని అంకె అరవాలి.

స్ట్రెంత్ నిండుగా ఉన్నా మురిసిపోవద్దు. ఉపగ్రహం దొరికిందీ లేనిదీ చెప్పేది క్వాలిటీ.

మా వాడలో ఆ ఏడు పుస్తకాలు మూసి పత్తి ఏరబోయిన కొందరు మళ్లీ చదువుకు రాలేదు. మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాది. ఇప్పుడు పీజీ చదువుతున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవుల్లో ఇంటికెళ్తే పక్కింటి గొడుగు కూడా ఒకసారి చూసి రండి.