అడుగులేని కుండ

నాన్నగారు ఫ్రిజ్జు నీళ్ళు ముట్టేవారు కారు. కిటికీ కింద ఇసుక, ఇసుక మీద కుండ, కుండ మీద మూకుడు, దాని మీద ఇత్తడి గ్లాసు. ఇదీ ఆయన ఏర్పాటు. 2023లో రాజమండ్రి కైలాసభూమిలో అటువంటి కుండనే భుజాన పెట్టుకుని ఆయన చుట్టూ మూడుసార్లు తిరిగాను. చుట్టుకొక చిల్లు పొడిచారు. చివర వెనక్కి చూడకుండా వదిలెయ్యమన్నారు. పగిలిన చప్పుడు మాత్రం విన్నాను. దాన్ని అంత పల్చగా, అంత గుండ్రంగా చేసిన చెయ్యి ఎవరిదో అన్న ఆలోచన ఆ తరువాత చాలా రోజులు నన్ను వదలలేదు.

కుమ్మరి మొల్ల అన్న మాటను ఎన్నిసార్లు చదివి ఉంటానో! సారె తిరగడం దగ్గరనుంచి చూసింది మాత్రం యాభయ్యో యేట, ధవళేశ్వరం దాటాక కాలవగట్టునున్న ఒక ఊళ్ళో.

"నేర్చుకుని ఏం చేత్తారండీ? మా కుర్రోడే వద్దని హైదరాబాదెళ్ళిపోయాడు" అన్నారు ఆ పెద్దాయన. సరదాకి అనబోయి, ఆ మాట నోట్లోనే మింగేశాను.

మొదటి నెలంతా సారె ముట్టనివ్వలేదు. చెరువుమన్ను నలగ్గొట్టడం, రాళ్ళూ వేళ్ళూ ఏరడం, నానబెట్టి సన్న ఇసుక కలిపి కాళ్ళతో తొక్కడం. ఇసుక తగ్గితే ఆరేటప్పుడు బీట తీస్తుంది, ఎక్కువైతే సారె మీద నిలవదు. ఎంత కలపాలో ఆయన పాదాలకు తెలుసు. నా పాదాలకు తెలిసింది నొప్పి ఒక్కటే.

ఆయన సారె మీదినుంచి తీసే కుండకు అడుగుండదని అప్పుడే తెలిసింది. కొంచెం ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టుతూ, దళసరి గోడను సాగదీసి అడుగు మూస్తారు. ఎడమచేతి రాయీ, కుడిచేతి చెక్కా ఒకదాన్నొకటి చూడవు. మధ్యన మట్టిపొర. అయినా ప్రతి దెబ్బకీ ఒకే చోట కలుసుకోవాలి. నావి కలుసుకునేవి కావు.

"కాటికెళ్ళే కుండకూ ఇంత కష్టం పడాలా?" అని ఒకరోజు అడిగేశాను.

ఆయన తట్టడం ఆపలేదు. "ఎక్కడికెళ్తాదో కుండకేం తెలుత్తాదండీ."

వేసవిలో నావి అయిదు కుండలు ఆవంలోకి వెళ్ళాయి. సుమారు ఆరువందల డిగ్రీల వేడి తగిలి, మట్టిలో అంతర్భాగంగా ఉన్న నీరు కూడా పోయాక, అది మళ్ళీ నానబెట్టినా బురద కాదు. మట్టికి అది తిరిగిరాని ప్రయాణమన్నమాట. నావాటిలో నాలుగు ఆ దారిలోనే పగిలాయి. మిగిలినదానికి మూతి వంకర.

ఇంటికి తెచ్చి నీళ్ళు పోస్తే ఒళ్ళంతా చెమర్చింది. కారుతోందేమోనని సిగ్గుపడి పెరట్లోకి తీసుకుపోబోయాను. అమ్మ వారించి, కిటికీ కింద ఆ పాత ఇసుక మీదే కుదురుగా పెట్టించింది. బీరువాలోంచి ఇత్తడి గ్లాసు తీసి తోమింది.

మర్నాడు పొద్దున్నే ముంచుకుని తాగి, "చల్లగానే ఉన్నాయిరా" అంది.